పెద్దవారి మాట: ధర్మశాస్త్రము నుండి నేటి శాసనము వరకు

భారతకథలో యుద్ధము ముగిసిన తరువాతి భాగమును సామాన్యముగా ఎవరును అంత శ్రద్ధగా చదువరు. పురాణము చెప్పించుకొనువారు కూడ పట్టాభిషేకముతో హారతి ఇప్పించి లేచిపోవుట మన పల్లెలలో అలవాటు. కాని వృద్ధాప్యమును గురించి మన వాఙ్మయములో ఉన్న అతి నిశితమైన ఘట్టము ఆ తరువాతనే ఉన్నది. తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో ఆశ్రమవాసపర్వ మొకటి. దాని ఇతివృత్తమంతయు ఒక ముసలివాడు తాను ఎచ్చట ఉండవలెనో తానే నిర్ణయించుకొనుట.

ధృతరాష్ట్రుడు పాండవుల ఇంట పదునైదేండ్లు ఉన్నాడు. ధర్మరాజు ఆయనకు ఏ లోపమును రానీయలేదు. పడకలు, వస్త్రములు, వంటకములు, పరిచారకులు, అన్నియు పూర్వము వలెనే ఏర్పాటు చేసినాడు. అయినను భీముడు చాటున, వినబడునట్లుగా, నూరుగురు కొడుకులను చంపిన తన బాహువులను పొగడుకొనెడివాడు. ముసలిరాజు ఆ మాటలు విని ఎవరితోను చెప్పలేదు. పూటలు మాని తినుచు, నేలపై పరుండుచు, ఆ సంగతి ధర్మరాజునకు తెలియకుండ దాచినాడు. చివరకు అడవికి పోవుదునని అనుమతి అడిగినాడు. ధర్మరాజు ఒప్పుకొనలేదు. తానే రాజ్యము విడిచి అడవికి పోవుదునన్నాడు, ముందు భోజనము చేయుమని బతిమాలినాడు. అది కపటము కాదు, నిజమైన ప్రేమయే. ఆ ప్రేమయే అడ్డు నిలిచినది. వ్యాసుడు వచ్చి, ఆయన కోరినట్లు చేయనిమ్మని నచ్చచెప్పినదాక కార్యము సాగలేదు.

కుంతి మాట ఇంకను విచిత్రము. ఆమెను పొమ్మన్నవారు లేరు. పోవద్దని కొడుకులు కాళ్ల బడినారు. ఇందుకా మమ్మును యుద్ధమునకు పురికొల్పితివి అని అడిగినారు. కొడుకులు హీనముగా బ్రతుకకుండుటకు పురికొల్పినానే గాని వారు గెలిచిన రాజ్యమును అనుభవించుటకు కాదని చెప్పి ఆమె గాంధారి చేయి పట్టుకొని నడచిపోయినది. ఆ మువ్వురును అడవిలో కార్చిచ్చుకు ఆహుతి యైనారు. పోనిచ్చుట తప్పని గాని, పోవుట తప్పని గాని కథకుడు తీర్పు చెప్పలేదు.

కావ్యము ఇట్లుండగా ధర్మశాస్త్రము వేరొక దారి నడచినది. ఆంధ్రదేశమునందు దాయభాగ విషయములలో ప్రమాణముగా నిలిచినది విజ్ఞానేశ్వరుని మితాక్షర. కల్యాణి నేలిన చాళుక్య విక్రమాదిత్యుని కాలమున ఆయన రచించిన ఆ వ్యాఖ్యను పదమూడవ శతాబ్దములోనే కేతన తెలుగు చేసినాడు. పిత్రార్జితమున కుమారునకు పుట్టుకతోనే హక్కు కలదన్నది దాని మూలసూత్రము. తండ్రి ఇష్టపడకున్నను ఎప్పుడు పంపకము జరుగవచ్చునో చెప్పుచు విజ్ఞానేశ్వరుడు ఒక ప్రాచీన స్మృతివాక్యమును ఉదాహరించినాడు. తండ్రి ముదుసలి యైనచో, బుద్ధి చలించినచో, రోగపీడితుడైనచో ఆయన సమ్మతి లేకయే పంచుకొనవచ్చునని దాని తాత్పర్యము. ఇందులో మనము ఆగి చూడవలసినది ఆ మూడింటి వరుస. మతిచాంచల్యము, రోగము, వాని సరసన వార్ధక్యము. ఎనుబదేండ్లవాడు గట్టిగా కూర్చుండి లెక్క చూచుకొనగలిగినను, వయస్సే ఒక అనర్హతగా శాస్త్రము ఆయనను పక్కకు జరుపగలిగినది.

ఆచరణలో అందరు తండ్రులును నోరు మూసుకొని ఊరకుండిరని అనుకొనరాదు. గోదావరి మండలములో ఇల్లు పంచుకొన్న తరువాత కూడ పెరటిగది, ఒక పాడిగేదె, రెండెకరముల మాగాణి తన పేర నిలుపుకొన్న తాతలు ఎందరో ఉన్నారు. కొందరు మామ్మలు కోడళ్లతో సరిపడక వేరు పొయ్యి పెట్టుకొన్నారు. మరి కొందరు కాశీవాసము చేయుదుమని పట్టుపట్టినారు. కాలినడక యాత్రలు చేయుచున్న రోజులలో అట్టి పయనము తిరిగి రాని ప్రయాణమే. 1893, 1896 సంవత్సరముల నడుమ బెజవాడ నుండి కటకము వైపు తూర్పుతీరపు రైలుమార్గము తెరువబడి, తుని వంటి ఊళ్లు దాని మీద స్టేషనులైన పిమ్మట, అది ఒక టిక్కెట్టు కొనుటకు దిగినది. కాశికి పోయి ప్రాణము విడువవలెనని కోరిన పెద్దవానిని ఆపుట పాపమని సామాన్య జనులు నమ్మినారు. ఆ నమ్మకము పుణ్యలోకముల కొరకే కావచ్చును గాని, దాని నీడలో ముసలివారికి తమ అవసానమును తాము నిర్ణయించుకొను కొంత చోటు దొరికినది.

ఆస్తిని తన ఇష్టము వచ్చినట్లు వినియోగించిన పెద్దలలో రాజమహేంద్రవరమునందు కందుకూరి వీరేశలింగము పంతులుగారిని తలపకుండ ఉండలేము. ఏబది ఎనిమిదవ యేట, 1906లో, ఆయన హితకారిణీ సమాజమును నెలకొల్పి తన యావదాస్తిని దానికి ధారపోసినారు. ఆయనకు సంతానము లేదు గనుక అది సులభమైన పని అని అనవచ్చును. కాని దాయాదులు లేని ఇల్లు తెలుగుదేశములో ఎక్కడున్నది?

ఇంగ్లీషువారి ప్రభుత్వము 1858లో ఒక శాసనము చేసినది. ఆ యేడు ముప్పది ఐదవ చట్టము ప్రకారము, ఒకనికి మతి చెడినదనియు, ఆస్తి చూచుకొనలేడనియు బంధువులు జిల్లా కోర్టులో అర్జీ పెట్టుకొనవచ్చును. కోర్టు విచారించి నిజమని తేలినచో ఆస్తికి మేనేజరును నియమించును. 1912లో ఇది మరియొక చట్టముగా మారి, 1993లో కొత్త మానసికారోగ్య చట్టము అమలులోనికి వచ్చువరకు నిలిచినది. దీనిని దుర్వినియోగము చేయదలచిన కొడుకులకు ఇది చక్కని సాధనమే. అయినను ఒక్క విషయము ఒప్పుకొనవలెను. ముసలితనమును పిచ్చితనమును ఇది వేరు చేసినది. మతి చెడినదని నిరూపింపవలెను, విచారణ జరుగవలెను. వయస్సు చెప్పినంత మాత్రాన పని తీరదు.

ఇక స్త్రీల సంగతి. పురుషునకు కొంత ఆస్తి మిగిలియున్నను, ఉమ్మడి కుటుంబములో భర్త పోయిన ఆడుదానికి మితాక్షర మిగిల్చినది భరణము మాత్రమే. అన్నము, బట్ట, తలదాచుకొనుటకు ఒక మూల. వైధవ్యము పదునేనవ యేట వచ్చినను, డెబ్బదవ యేట వచ్చినను స్థితి ఒక్కటే. ఆ అన్నము తినుటకు భర్తవైపు వారి ఇంటనే పడియుండవలెనా? ఈ ప్రశ్న లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. 1873లో ఆ న్యాయస్థానము, భర్త బంధువుల ఇంట నివసించుటకు విధవ బద్ధురాలు కాదని, చెడునడత కొరకు గాక మరే కారణమున ఇల్లు విడిచినను భరణమును కోల్పోదని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము ఉత్తరదేశపు రాజకుటుంబమునకు సంబంధించినది. కాని సూత్రము దేశమంతటికిని వర్తించినది. ఎక్కడ ఉండవలెనన్నది ఆమె ఇష్టము, పోషించుట వారి విధి, ఈ రెండింటికిని ముడి లేదు అన్నమాట. ఇప్పటికిని మన ఇండ్లలో ఈ రెండింటిని కలిపి ముడివేయుచునే యున్నారు. నా ఇంట ఉంటివా, నేను చెప్పినట్లు వినుము అనుచున్నారు.

ఆంధ్రదేశములోనే పుట్టి దేశమంతటను పేరు మోసిన ఒక వ్యాజ్యమును ఇక్కడ కొంచెము విస్తరించి చెప్పవలసి యున్నది. న్యాయవాదులు దానిని తులసమ్మ కేసు అందురు.

తులసమ్మ భర్త 1931లో మరణించినాడు. అప్పటికి ఆయన సోదరునితో ఉమ్మడిగా నున్నాడు. కనుక ఆస్తి సోదరుని వశమైనది. ఆమె 1944లో, ఫీజు చెల్లించు స్తోమత లేక, పేదరాలిగా కోర్టులో భరణమునకు అర్జీ పెట్టుకొన్నది. అనగా పదమూడేండ్లు గడచినవి. 1946లో డిక్రీ వచ్చినది. డిక్రీ వచ్చుట వేరు, ధాన్యము గాదెలోనికి వచ్చుట వేరు. అమలు జరిపించుటకు మరల తిరిగినది. 1949లో రాజీ కుదిరినది. కొంత భూమి ఆమెకు ఇచ్చినారు. జీవితాంతము అనుభవింపవచ్చును గాని అమ్ముకొనరాదని షరతు పెట్టినారు. ముప్పది యేండ్ల పూర్వపు దస్తావేజులు చూచినవారికి ఈ షరతు సుపరిచితము. తల్లికి, మేనత్తకు, విధవయైన అక్కకు భూమి ఇచ్చిన ప్రతిచోటను ఇట్టి వాక్యమే కనుపించును. తిను, కాని తాకకు.

1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చినది. దాని పదునాలుగవ సెక్షను మొదటి భాగము ప్రకారము స్త్రీ చేతిలో నున్న ఆస్తి ఆమెకు సంపూర్ణ స్వామ్యముగా మారును. రెండవ భాగము దానికి మినహాయింపు. దస్తావేజు ద్వారా గాని డిక్రీ ద్వారా గాని పరిమితమైన హక్కుతోనే ఇచ్చిన ఆస్తి అట్లే యుండునని అది చెప్పుచున్నది. తులసమ్మ 1960లో కొంత భూమి కౌలుకిచ్చినది, 1961లో కొంత అమ్మినది. ఆ యేడే మరది దావా వేసినాడు. నీకు అమ్ముకొను హక్కు లేదన్నాడు. మునసబు కోర్టు ఆయన పక్షము పలికినది. జిల్లా న్యాయమూర్తి ఆమె పక్షము పలికినాడు. హైకోర్టు మరల దానిని తిరగవేసినది. 1977 మార్చిలో సుప్రీంకోర్టు చివరిమాట చెప్పినది. భరణమన్నది ఎవరో దయతలచి ఇచ్చునది కాదు, అది ఆమెకు అంతకు ముందే ఉన్న హక్కు, ఆ హక్కుకు బదులుగా వచ్చిన భూమికి షరతులు కట్టినను 1956 చట్టముతో ఆ షరతులు కరగిపోయినవి అని తేల్చినది.

భర్త పోయినది మొదలు నలువది ఆరేండ్లు. ఆ తీర్పు వచ్చునాటికి ఆమె యౌవనము, నడివయస్సు రెండును కోర్టులలోనే గడచిపోయినవి. ఈ వ్యాజ్యమును సామాన్యముగా స్త్రీల ఆస్తిహక్కుల చరిత్రలో చెప్పుదురు. నాకు అంతకంటెను ఇది పోషణ చరిత్రలో ముఖ్యమనిపించును. పోషించుచున్నాము గనుక నీ చేతులు కట్టుదుమన్న వాదమును దేశపు అత్యున్నత న్యాయస్థానము త్రోసిపుచ్చిన సందర్భమిది. మొదటి భాగమునకు రెండవ భాగమునకు గల హద్దును గూర్చి తరువాతి తీర్పులు ఏకముఖముగా లేవు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చిక్కును విస్తృత ధర్మాసనమునకు నివేదించినది.

తల్లిదండ్రులను పోషించు బాధ్యతను శాసనములు క్రమముగా స్పష్టము చేసినవి. 1956లోనే వచ్చిన దత్తత, మనోవర్తి చట్టము వృద్ధులైన, అశక్తులైన తల్లిదండ్రుల పోషణ కొడుకులకు, కుమార్తెలకు విధి యన్నది. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు స్మృతి మతభేదము లేకుండ దీనిని విస్తరించినది. మొదట నెలకు అయిదువందల రూపాయలకు మించకుండ హద్దు పెట్టినారు. 2001లో ఆ హద్దు తీసివేసినారు. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టము ఇట్టి బాధ్యతనే పిల్లలపై నుంచగా, 1948లో అక్కడ దానిని ఎత్తివేసి ప్రభుత్వము తలకెత్తుకొన్నది. మన దేశము ఇంటికే అప్పగించినది.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము అందరికిని కొంత తెలిసినదే. అరువది యేండ్లు నిండినవారు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు పదివేల రూపాయల వరకు ఇప్పింపవచ్చునని చట్టములో ఉన్నది. తొంబది దినములలో తేల్చవలెనన్నారు. ఆంధ్రప్రదేశములో 2011లో నిబంధనలు చేసినారు. ట్రిబ్యునలుకు అధ్యక్షుడు రెవిన్యూ డివిజనల్ అధికారి.

తుని నుండి చూచినచో ఈ ఏర్పాటు ఎట్లుండునో ఒక్కసారి గమనింతము. తాండవ నది ఈవల తుని, ఆవల పాయకరావుపేట. వంతెన దాటుటకు పట్టునది కొద్ది నిమిషములే. కాని 2022 ఏప్రిలు నుండి ఈ యొడ్డు కాకినాడ జిల్లా, ఆ యొడ్డు అనకాపల్లి జిల్లా. తల్లి తునిలో, కొడుకు పేటలో ఉన్నచో ఆమె ఏ జిల్లాకు పోవలెను? చట్టము ఇక్కడ వివేకము చూపినది. కోరినవారు ఉన్నచోట గాని, చివర నివసించినచోట గాని, పిల్లలున్నచోట గాని అర్జీ చెల్లును. కనుక తుని తల్లి పెద్దాపురము డివిజనుకు పోయిన చాలును. వకీలును పెట్టుకొనవలసిన పని లేదు, అసలు వకీళ్లకు అక్కడ ప్రవేశమే లేదని చట్టము వ్రాసినది. అరువది మైళ్ల దూరమున నున్న కోర్టు వాకిట పేరు పిలుచువరకు కాచుకొన్న తులసమ్మ తరము వారికి ఇది ఎంతో సుకరముగా తోచియుండెడిది.

ఈ చట్టములోని ఇరువది మూడవ సెక్షను విశేషము. చూచుకొందుమన్న షరతు మీద పిల్లలకు ఇల్లు, భూమి వ్రాసి ఇచ్చిన పిమ్మట వారు చూడకున్నచో, ఆ దానము మోసముతో గాని బలాత్కారముతో గాని జరిగినదిగా భావింపబడును. అయితే అది తనంతట రద్దు కాదు. ఇచ్చినవారు కోరినచోనే రద్దగును. ఈ చిన్నమాటను శాసనకర్తలు ఎంత తలపోసి వ్రాసినారో గాని, కోపము తగ్గిన తల్లి క్షమింపదలచినచో ఆమెకు ఆ వీలు మిగిలినది. షరతు దస్తావేజులో కనుపింపవలెనని 2022లో ఒక తీర్పు వచ్చినది. 2025 జనవరిలో మరియొక తీర్పు, ఇది వృద్ధుల మేలు కొరకు చేసిన చట్టము గనుక ఉదారముగా చదువవలెనన్నది. వ్రాయించుకొను దినముననే ఒక వాక్యము వ్రాయించుకొన్నచో ఈ తగవే యుండదు. కాని కన్నకొడుకు ఎదుట రిజిస్ట్రారు కచేరిలో, నీవు నన్ను చూడకపోయినచో అని ఏ తల్లి నోరు తెరచి అనగలదు? మరొక చిక్కు కూడ కలదు. అత్తమామలు ఇల్లు ఖాళీ చేయుమన్నప్పుడు అందులో ఉన్నది గృహహింసకు గురియైన కోడలు కావచ్చును. ఆమె నివాసహక్కును కూడ చూడవలెనని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. పెద్దవారి హక్కు ఇంటిలోని మరొకరి హక్కును తుడిచివేయునది కాదు.

ఇంతవరకు చెప్పినదంతయు అన్నము, ఇల్లు, భూమిని గురించి. ఒడలిని గురించిన మాట ఇంకను ఉన్నది. ఇందులో మన సమాజము వెనుకబడియే యున్నది.

తునిలో పెద్దవానికి గుండెనొప్పి వచ్చినచో ఏరియా ఆసుపత్రిలో చూపించి, కాకినాడకో విశాఖపట్టణమునకో తీసుకొనిపోవుదురు. అక్కడ డాక్టరు గది వెలుపల మొదట పిలుచునది కొడుకును. రోగి లోపల మంచము మీద ఉండును. తెలివి ఉండును, చెవులు వినబడుచుండును. అయినను రోగము పేరు, శస్త్రచికిత్సలోని అపాయము, ఖర్చు, అన్నియు వరండాలో మాటలాడుకొందురు. ఆయనకు చెప్పవద్దు, బెంగ పెట్టుకొనును అందురు. కాగితము మీద సంతకము కొడుకుదో అల్లునిదో. ఇది దుర్మార్గము కాదు, భయము. ధర్మరాజు ప్రేమ వంటిదే.

చట్టము మాత్రము వేరుగా చెప్పుచున్నది. 2008 జనవరిలో ఢిల్లీకి చెందిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు దీనిని విచారించినది. నలువది నాలుగేండ్ల స్త్రీ పరీక్ష కొరకు మత్తులో నుండగా, వెలుపల నున్న తల్లి అనుమతి తీసుకొని వైద్యులు పెద్ద శస్త్రచికిత్స చేసినారు. ప్రాణాపాయము లేని సమయమున, పెద్దవయస్సు వచ్చిన మనిషికి బదులుగా తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని న్యాయస్థానము నిర్ణయించినది. తల్లి సమ్మతి కూతురికి చెల్లనప్పుడు, కొడుకు సమ్మతి స్పృహలో నున్న తండ్రికి ఎట్లు చెల్లును? మనము వరండాలో చేయించు సంతకములకు ఉన్న విలువ ఎంతో దీనిని బట్టి తెలియుచున్నది.

మతిమరపు వచ్చిన వారి సంగతి ఇంకను సున్నితము. 2017 నాటి మానసికారోగ్య చట్టము, 2018 మే నుండి అమలులో నున్నది, మానసిక చికిత్సకు సంబంధించినంతవరకు ఒక కొత్త సూత్రమును స్థాపించినది. తనకు చెప్పినది అర్థము చేసుకొని, దాని ఫలితమును ఊహించుకొని, తన నిర్ణయమును మాటతో గాని సైగతో గాని తెలుపగలిగినవానికి నిర్ణయశక్తి కలదనియే భావింపవలెను. ఆ నిర్ణయము ఇతరుల కంటికి తప్పుగా తోచినంత మాత్రాన శక్తి లేదనరాదు. ఇంగ్లండులోని 2005 నాటి చట్టములోను ఇట్టి సూత్రమే కలదు. విజ్ఞానేశ్వరుడు ఉదాహరించిన ఆ మూడు పదముల వరుసను గుర్తునకు తెచ్చుకొని దీనిని చదువుకొనవలెను. ముదిమి, మతి, రోగము అన్న మూడు ముడులు ఎనిమిది తొమ్మిది శతాబ్దముల తరువాత విడదీయబడినవి. తనకు ముందుముందు తెలివి తప్పినచో ఎట్టి చికిత్స చేయవలెనో, ఎట్టిది చేయకూడదో ముందుగా వ్రాసి యుంచుకొను అవకాశమును, తన పక్షమున మాటలాడు ప్రతినిధిని నియమించుకొను అవకాశమును కూడ ఈ చట్టము ఇచ్చినది.

1991 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ వృద్ధులకు సంబంధించిన సూత్రములను ఆమోదించినప్పుడు, తమ పోషణను గూర్చియు, తమ జీవితము ఎట్లు గడువవలెనన్న దానిని గూర్చియు తామే నిర్ణయించుకొను హక్కును వానిలో చేర్చినది. 2011 జనాభా లెక్కల నాటికి మన దేశములో అరువదేండ్లు దాటినవారు పదికోట్ల నలువది లక్షలకు చేరువలో ఉన్నారు. వారిలో ఎందరికి ఈ సూత్రముల మాట చేరినదో చెప్పనక్కరలేదు.

చివరి ఘడియల విషయమున 2018 మార్చి 9వ తేదీన సుప్రీంకోర్టులోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. గౌరవముగా మరణించు హక్కు జీవించు హక్కులోని భాగమే యనియు, కోలుకొను ఆశ లేని స్థితిలో యంత్రముల మీద ప్రాణము నిలుపవద్దని ముందుగా వ్రాసి యుంచుకొనవచ్చుననియు అన్నది. అప్పుడు పెట్టిన విధానము ఎంత జటిలమైనదనగా మేజిస్ట్రేటు ఎదుట సంతకము కావలెను. అయిదేండ్లలో ఆ కాగితమును వ్రాయించుకొన్నవారు అరుదు. 2023 జనవరిలో దానిని సడలించినారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ఉన్న చాలును. తాను మాటలాడలేనప్పుడు ఎవరు నిర్ణయింపవలెనో వారి పేర్లు అందులో వ్రాయవలెను. ఒక్కరినే కాక ఒకరికంటె ఎక్కువమందిని వ్రాయవచ్చును. ఒక ప్రతి స్థానిక సంస్థలోని బాధ్యుడైన అధికారికి చేరవలెను. తునిలో నున్నవారికి అది పురపాలక సంఘమగును, పల్లెలలో నున్నవారికి పంచాయతీ యగును. కుటుంబవైద్యుడున్నచో ఆయనకు కూడ ఒక ప్రతి ఇయ్యవలెను. వ్రాసిన మనిషి బుద్ధి కుదురుగా ఉన్నంతకాలము ఎప్పుడైనను, వ్రాతమూలముగా, దానిని మార్చుకొనవచ్చును లేదా పూర్తిగా రద్దు చేసికొనవచ్చును. అందులకు కారణము చెప్పవలసిన పని లేదు.